ఉదయనాచార్యుడు

లోకంలో లేని వస్తువును సూచించడానికి మన పూర్వులు కొన్ని మాటలు స్థిరపరచారు. గగనకుసుమం, ఎండమావి నీరు, వంధ్యాపుత్రుడు, కుందేటి కొమ్ము అటువంటివి. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి మూర్ఖుని మనస్సును మెప్పించడం ఎంత అసాధ్యమో చెప్పడానికి ఈ కుందేటి కొమ్మునే తెచ్చుకొన్నాడు. ఆ పద్యం తెలుగునాట చదువుకొన్నవారందరికీ పరిచితమే. కవికి ఆ కొమ్ము ఒక పోలిక మాత్రమే. తార్కికునికి అది పెద్ద చిక్కుముడి. కుందేటికి కొమ్ము లేదన్నప్పుడు ఆ మాట దేనిని గురించి చెప్పినట్లు? కొమ్మును గురించి అందామంటే అటువంటి కొమ్మే లేదు. దేనిని గురించీ కాదందామంటే ఆ మాట సత్యమెట్లయింది? వెయ్యేళ్లనాడు మిథిలలో ఒక పండితుడు ఈ ప్రశ్నను వినోదంగా భావించలేదు. ఆత్మ ఉన్నదా, ఈశ్వరుడున్నాడా అనే మహావాదాలు ఈ చిన్న ముడిమీదనే ఆధారపడి ఉన్నాయని ఆయన గ్రహించాడు. ఆయనే ఉదయనాచార్యుడు.

నేటి ఉత్తర బీహారు ప్రాంతమే నాటి మిథిల. సమస్తిపూర్ జిల్లాలోని కరియన్ గ్రామాన్ని ఉదయనుని జన్మస్థలంగా అక్కడివారు చూపుతారు. మన ప్రాచీన శాస్త్రకారులలో చాలామంది తమ కాలాన్ని చెప్పుకోలేదు. ఉదయనుడు చెప్పాడు. వైశేషిక పదార్థాలకు నిర్వచనాలు కూర్చిన ‘లక్షణావళి’లో తన శకవర్షాన్ని అంకెలతో కాక మాటలతో సూచించాడు. తర్కమంటే ఆరు, అంబరమంటే సున్న, అంకమంటే తొమ్మిది. వీటిని కుడినుండి ఎడమకు వేసుకొంటే 906వ శకవర్షం, అంటే క్రీ.శ. 984-85 వస్తుంది. పాఠభేదాన్ని బట్టి కొందరు పండితులు ఈ సంవత్సరాన్ని తర్వాతి కాలానికి జరిపారు. అయినా ఆయన పది, పదకొండు శతాబ్దాలవాడన్నది స్థూలంగా అంగీకృతమైన విషయం. సున్నకు ఆకాశమని పేరుపెట్టిన ఈ లెక్క ఉదయనునికి చక్కగా అమరింది. ఏమీ లేనిదానిని గురించి ఆయన ఆలోచించినంతగా ఆలోచించినవారు అరుదు.

ఆయన పుట్టేనాటికే న్యాయశాస్త్రానికి కొన్ని వందల ఏళ్ల వాదచరిత్ర ఉన్నది. గౌతముని న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు భాష్యం రచించాడు. బౌద్ధాచార్యుడు దిఙ్నాగుడు దానిని ఖండించాడు. ఈ దిఙ్నాగుడు వేంగి సమీపాన ఒక కొండమీద నివసించి తర్కగ్రంథం రచించాడని, ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశాన్ని సందర్శించిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాసిపెట్టాడు. దిఙ్నాగునికి ఉద్ద్యోతకరుడు సమాధానం చెప్పాడు. ధర్మకీర్తి బౌద్ధపక్షాన్ని మళ్లీ నిలబెట్టాడు. వాచస్పతిమిశ్రుడు ‘తాత్పర్యటీక’తో న్యాయపక్షానికి బలం చేకూర్చాడు. ఆ వాచస్పతిని విక్రమశిలకు చెందిన జ్ఞానశ్రీమిత్రుడు, ఆయన శిష్యుడు రత్నకీర్తి ఎదుర్కొన్నారు. విక్రమశిల గంగకు దక్షిణాన నేటి భాగల్‌పూర్ జిల్లాలో వెలసిన బౌద్ధ విహారం. అక్కడి ద్వారపండితులలో జ్ఞానశ్రీమిత్రుడొకడని టిబెట్టు సంప్రదాయం చెబుతుంది. గంగకు ఉత్తరాన మిథిల. ఒకే నదికి అటొక పక్షం, ఇటొక పక్షం. వాచస్పతి టీకకు ‘పరిశుద్ధి’ అనే వ్యాఖ్య రచించి ఉదయనుడు ఈ పరంపరలో అడుగుపెట్టాడు.

ఆ వాదం తెలియాలంటే ముందు అనుమానమంటే ఏమిటో తెలియాలి. వాడుక తెలుగులో అనుమానమంటే సందేహం. శాస్త్రంలో అది సందేహాన్ని తీర్చే సాధనం. కొండమీద పొగ కనబడింది కనుక అక్కడ నిప్పున్నదని నిశ్చయించడం అనుమానం. ఇందుకు రెండు విధాల దృష్టాంతాలు చూపుతారు. పొగా నిప్పూ కలిసి ఉన్న వంటయిల్లు ఒకటి. నిప్పు లేదు కనుక పొగ కూడా లేని చెరువు రెండవది. వంటయిల్లూ చెరువూ వాది ప్రతివాదులిద్దరూ ఎరిగినవి, లోకంలో ఉన్నవి. దృష్టాంతం ఇద్దరికీ సమ్మతమైనదై ఉండాలన్నది వాదనియమం.

బౌద్ధుల సిద్ధాంతం ప్రకారం ఉన్నదంతా క్షణికమే. ఒక పని చేయగలగడమే ఉండటమని వారి నిర్వచనం. ప్రతి క్షణం కొత్త వస్తువు పుడుతుంది, మరుక్షణం నశిస్తుంది. మేఘం మనకు ఒకటిగా కనబడినా క్షణక్షణం వేరే మేఘమే. ఈ సిద్ధాంతం నిలిస్తే మనిషిలో మార్పులేని ఆత్మ ఉన్నదనడానికి చోటుండదు. నిన్న చూసినవాడు వేరు, నేడు దానిని తలచుకొనేవాడు వేరు. పని చేసినవాడొకడు, ఫలం అనుభవించేవాడొకడు. స్మృతి, కర్మఫలం, మోక్షసాధన అన్నీ ప్రశ్నార్థకమవుతాయని నైయాయికుల భయం. బౌద్ధులు ఆ ఆక్షేపణకు తమ సమాధానాలు తాము చెప్పుకొన్నారు. వారు తమ సిద్ధాంతాన్ని ఎదురుదిక్కునుండి కూడా నిరూపించబోయారు. క్షణికం కానిది ఏదీ ఉండదు. ఉదాహరణ ఏమిటి? వారి దృష్టిలో క్షణికం కాని వస్తువు లోకంలో ఒక్కటీ లేదు. అందుచేత కుందేటి కొమ్మును చూపారు.

నైయాయికులు అక్కడ పట్టుకొన్నారు. చెరువు ఉన్నది కనుక అందులో నిప్పు లేదని పరీక్షించి చెప్పవచ్చు. లేని కొమ్మును ఎవరు పరీక్షించగలరు? లేనిది పక్షంగా గానీ దృష్టాంతంగా గానీ పనికిరాదని, అసత్తును గురించి విధీ చెల్లదు, నిషేధమూ చెల్లదని వారన్నారు. దీనికి జ్ఞానశ్రీమిత్రుడు ఇచ్చిన సమాధానం చాలా పదునైనది. అసత్తును గురించి ఏమీ చెప్పరాదన్న మాట అసత్తును గురించే చెప్పిన మాట కదా! కుందేటి కొమ్ము దృష్టాంతంగా పనికిరాదన్న మీ వాక్యానికే కుందేటి కొమ్ము కర్తగా కూర్చున్నది. నోరు విప్పిన మరుక్షణం మీ నియమాన్ని మీరే ఉల్లంఘిస్తున్నారు. వస్తువు బయట ఉండనక్కరలేదు, మనస్సు కల్పించుకొన్న రూపం చాలు, నిషేధానికి అంతకన్న ఆధారం అవసరం లేదని బౌద్ధుల తాత్పర్యం. పైకి చిన్నదిగా కనిపించే ఈ ఎత్తు నైయాయికులను నిజంగానే ఇరుకున పెట్టింది.

ఈ పూర్వపక్షాన్ని ఉదయనుడు దాటవేయలేదు. ‘ఆత్మతత్త్వవివేకం’ అనే గ్రంథంలో దానిని పూర్తి బలంతో నిలిపి అప్పుడు జవాబు చెప్పాడు. బౌద్ధధిక్కారమని పేరుపడిన గ్రంథమది. ధిక్కారమన్న పేరు విని అందులో తిట్లుంటాయని భావిస్తే పొరపాటు. ప్రతివాది మాటను ప్రతివాదికన్న స్పష్టంగా చెప్పగలగడం ఆ గ్రంథంలోని గొప్ప గుణం. లేనిదానిని గురించి వాదం మొదలుపెడితే ఏమవుతుందో ఆయన ఒక ఉదాహరణతో చూపాడు. వంధ్యాపుత్రుడు మాట్లాడడు, అతనికి చైతన్యం లేదు కనుక అని ఒకరంటారు. మాట్లాడతాడు, కుమారుడు కనుక అని మరొకరనవచ్చు. రెండవవానిని తప్పుపట్టడమెలా? ఆ కుమారుని తెచ్చి ఎదుట నిలబెట్టి పలికించి చూసే వీలు లేదు. అసత్తుకు ఒక గుణాన్ని అంటగట్టడం ఎంత నిరాధారమో, దానిలో ఒక గుణం లేదనడమూ అంతే నిరాధారం. అటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు వివేకి మౌనం వహించడమే తగినదని ఆయన తేల్చాడు.

ఈ మౌనం తేలికైన మాట కాదు. వాదసభలో నిరుత్తరుడు కావడం ఓటమి. న్యాయసూత్రాలు లెక్కించిన ఇరవైరెండు నిగ్రహస్థానాలలో జవాబు తోచకపోవడం ఒకటి, ప్రతివాది మాటను తిరిగి అనువదించకుండా ఊరకుండటం మరొకటి. ఆ ప్రకరణం ఉన్న ఐదో అధ్యాయానికే ప్రత్యేకంగా ‘న్యాయపరిశిష్టం’ రచించిన ఉదయనునికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రశ్నకు విషయమే లేనప్పుడు జవాబు చెప్పనివాడు ఓడినట్లు కాదని ఆయన భావం. నియమాలను అంత క్షుణ్ణంగా ఎరిగినవాడు గనుకనే అవి ఎక్కడ వర్తించవో చూపగలిగాడు.

అయితే కుందేటికి కొమ్ము లేదని లోకమంతా అంటున్నది. ఆ మాటను ఏం చేయాలి? ఇక్కడ ఉదయనుడు వాక్యాన్ని విడదీశాడు. నేలమీద కుండ లేదన్నప్పుడు నేల ఉన్నది, కుండ మరొకచోట ఉన్నది. లేనిది ఈ నేలకూ ఆ కుండకూ సంబంధం. అభావానికి అధికరణమూ కావాలి, దేని అభావమో ఆ ప్రతియోగీ కావాలి. రెండూ సత్యవస్తువులే కావాలి. అదే విధంగా కుందేలున్నది. కొమ్మున్నది, ఆవు తలమీద ఎవరైనా చూడవచ్చు. కుందేటి తలమీద కొమ్ము లేదన్నంతే ఆ వాక్యానికి అర్థం. కుందేటికొమ్ము అనే మూడో వస్తువు ఎక్కడా లేదు, దానిని గురించి ఎవరూ ఏమీ అనలేదు. తాడును చూసి పామని భ్రమపడేవాడు కూడా ఎక్కడో చూసిన నిజమైన పామునే ఇక్కడ ఉన్నట్లు తలుస్తాడని న్యాయమతం. మన భ్రాంతులూ కల్పనలూ నిజమైన ముక్కల అతుకులేనన్న మాట. అతుకు మాత్రమే అబద్ధం.

ఈ పద్ధతినే ఈశ్వరవాదానికి ఉపయోగించి ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’ రచించాడు. ఐదు స్తబకాల ఈ గ్రంథం ఆయన రచనలలో అత్యంత ప్రసిద్ధమైనది. మూడవ స్తబకంలో మన కుందేటి కొమ్ము మళ్లీ కనిపిస్తుంది. కనబడడు కనుక ఈశ్వరుడు లేడని నిరీశ్వరవాది అంటాడు. కనబడకపోవడం లేకపోవడానికి గుర్తు కాదంటే కుందేటికి కొమ్మున్నదని కూడా ఒప్పుకోవలసివస్తుందని ఎత్తిపొడుస్తాడు. ఉదయనుని జవాబు సూటియైనది. కొమ్ము కంటికి కనబడదగిన వస్తువు. కనబడదగినది వెదికినా కనబడకపోతే అది లేదని తేలుతుంది. కనబడే స్వభావమే లేనిదాని విషయంలో ఆ పరీక్ష చెల్లదు. మరొక మెలిక కూడా పెట్టాడు. ఈశ్వరుడు లేడని అనుమానంతో సాధించబోయేవానికి ఈశ్వరుడే పక్షం. ఆ పక్షం ఏ ప్రమాణం వల్ల తెలిసింది? ప్రమాణసిద్ధమైతే ఈశ్వరుడున్నట్లే. కాకపోతే ఆధారం లేని పక్షం మీద అనుమానం నిలవదు.

ఇది గడుసైన ఎత్తే. కాని దీనితోనే వాదం గెలిచినట్లయితే ఎవరూ దేనినీ కాదనలేరు. కుందేటి కొమ్మును విడదీసిన పద్ధతిలోనే ఈశ్వరుణ్ణీ విడదీసి, లోకమున్నది, కర్తలున్నారు, లోకానికి కర్త మాత్రం లేడని ప్రతివాది అనవచ్చు. నిషేధాన్ని అడ్డగించడం వేరు, ఉనికిని సాధించడం వేరు. ఉదయనుడు మొదటిదానితో ఆగకపోవడానికి కారణమిదే కావచ్చు. ఐదవ స్తబకంలో ఈశ్వరుని ఉనికికి తొమ్మిది హేతువులు చూపాడు. కుండకు కుమ్మరి ఉన్నట్లే కార్యరూపమైన ఈ జగత్తుకూ కర్త ఉండాలన్నది వాటిలో మొదటిది. ప్రశస్తపాదుని గ్రంథానికి ‘కిరణావళి’ అనే వ్యాఖ్య కూడా రచించి, న్యాయ వైశేషికాలు రెండింటినీ దగ్గర చేసిన ఘనత కూడా ఆయనదే.

ఇటువంటి పండితుని చుట్టూ కథలు అల్లుకోవడం సహజం. పూరీ జగన్నాథుని దర్శనానికి వెళ్లినప్పుడు ఆలయద్వారం మూసి ఉన్నదట. ఉదయనుడు కోపించి, బౌద్ధులు వచ్చి నిన్ను లేడన్ననాడు నీ ఉనికి నా మీదే ఆధారపడి ఉంటుందన్న భావంతో స్వామిని నిలదీశాడట. భక్తునికి ఈ చనువు ఎక్కువనిపించవచ్చు, తార్కికుని నోట మాత్రం ముచ్చటగా ఉన్నది. మరొక కథ ఇంత అందమైనది కాదు. వాదం తెగక ఒక బ్రాహ్మణుణ్ణి, ఒక శ్రమణుణ్ణి కొండమీదనుండి తోయించాడని, దేవుడున్నాడన్నవాడు బతికి లేడన్నవాడు మరణించాడని, ఆ పాపం వల్ల జగన్నాథుడు దర్శనమీయక ఉదయనుడు కాశిలో తుషానలానికి ఆహుతి అయ్యాడని చెబుతారు. దృష్టాంతం సరిగా లేదని జీవితమంతా వాదించినవాడు కొండమీదనుండి మనుషులను పడదోసి సిద్ధాంతం తేల్చాడంటే నమ్మబుద్ధి కాదు. ఇటువంటి పరీక్షల కథలు ఇతర వాదుల పేర్లమీద కూడా ప్రచారంలో ఉన్నాయి.

మూడవ కథకు తెలుగు సాహిత్యంతో దూరపు చుట్టరికం ఉన్నది. శ్రీహీరుడనే పండితుణ్ణి ఉదయనుడు రాజసభలో ఓడించాడని, తండ్రి పరాభవానికి ప్రతీకారంగా శ్రీహర్షుడు ‘ఖండనఖండఖాద్యం’ రచించాడని ప్రతీతి. శ్రీహర్షుడు 12వ శతాబ్దంలో కన్యాకుబ్జ ప్రభువుల ఆస్థానంలో ఉన్నవాడు. లక్షణావళి కాలాన్ని బట్టి చూస్తే ఈ కథ పొసగదు. అయితే ఖండనఖండఖాద్యంలో ఉదయనుని నిర్వచనాలు ఒక్కొక్కటిగా చీల్చబడిన మాట నిజం. ఆ శ్రీహర్షుడే ‘నైషధీయచరితం’ రచించిన మహాకవి. శ్రీనాథుడు దానిని ‘శృంగారనైషధం’గా తెనిగించాడు. మాట్లాడే బంగారు హంసను దమయంతి వద్దకు పంపినప్పుడు పాఠకులెవరూ ఆ హంసకు ప్రమాణం అడగలేదు. శాస్త్రంలో మాత్రం ప్రతి మాటకూ ప్రమాణం అడిగినవాడు ఆ కవే.

ఖండనల వల్ల ఉదయనుని కీర్తి తరగలేదు. 14వ శతాబ్దంలో మిథిలలోనే గంగేశోపాధ్యాయుడు ‘తత్త్వచింతామణి’తో నవ్యన్యాయానికి ప్రాణం పోశాడు. ఆ మార్గానికి బీజాలు ఉదయనుని రచనలలోనే ఉన్నాయి. శంకరమిశ్రుడు, రఘునాథశిరోమణి వంటి ఉద్దండులు ఆత్మతత్త్వవివేకానికి వ్యాఖ్యలు రచించారు. ఉదయనుని బాటలో నడిచిన వరదరాజుని ‘తార్కికరక్ష’కు మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి ‘నిష్కంటక’ వ్యాఖ్య కూర్చాడు. కాళిదాస కావ్యాల వ్యాఖ్యాతగానే మల్లినాథుని ఎరిగినవారికి ఇది విశేషం. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ దేశమంతటా తర్కవిద్యార్థులకు తొలి పాఠ్యగ్రంథమయింది.

పాశ్చాత్య దేశాలలో ఈ చిక్కుముడి 20వ శతాబ్దంలో మళ్లీ తలెత్తింది. రాజే లేని ఫ్రాన్సులో ప్రస్తుత రాజు బట్టతలవాడు అన్న వాక్యం సత్యమా, అసత్యమా అని బెర్ట్రండ్ రస్సెల్ 1905లో ప్రశ్నించాడు. ఆయన కూడా వాక్యాన్ని విడదీసి, అటువంటి రాజు ఒకడున్నాడన్న అంశం అందులో దాగి ఉన్నది కనుక అది అసత్యమన్నాడు. 1950లో స్ట్రాసన్ దీనిని ఆక్షేపించి, రాజే లేనప్పుడు సత్యాసత్యాల ప్రసక్తే రాదన్నాడు. ఉదయనుని మౌనానికి ఇది దగ్గరిగా ఉన్నది. పేరు ఉన్నంత మాత్రాన వస్తువు ఉండనక్కరలేదని ముందే అంగీకరించి నియమాలు కూర్చుకొనే తర్కపద్ధతికి 1960లో కారెల్ లాంబర్ట్ స్వేచ్ఛాతర్కమన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. జ్ఞానశ్రీమిత్రుడు బతికి ఉంటే ఆ పక్షాన్ని ఆదరించి ఉండేవాడేమో. తర్వాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడైన బిమల కృష్ణ మతిలాల్ 1970లో న్యాయ బౌద్ధ వాదాలను ఈ ఆధునిక చర్చల పక్కన పెట్టి పరిశీలించాడు.

అప్పటికి జ్ఞానశ్రీమిత్రుని మాటను ఆయన గ్రంథంలోనే చదువుకొనే అవకాశం వచ్చి ఎంతో కాలం కాలేదు. 13వ శతాబ్దం ఆరంభంలో విక్రమశిల నేలమట్టమయింది. అక్కడి గ్రంథాలు భారతదేశంలో కనుమరుగయ్యాయి. కొన్ని వందల ఏళ్లపాటు మన పాఠశాలల విద్యార్థులకు ఆ బౌద్ధాచార్యుని వాదం ప్రధానంగా ఉదయనుడు రాసిన పూర్వపక్షంగానే తెలిసింది. ఓడించదలచిన వాదాన్ని అంత నమ్మకంగా రాసిపెట్టినందువల్లనే అది బతికింది. 1930 దశకంలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్టు మఠాలలో తాళపత్ర ప్రతులను వెదికి ఛాయాచిత్రాలు తెచ్చాడు. వాటి ఆధారంగా అనంతలాల్ ఠాకుర్ పరిష్కరించిన రత్నకీర్తి గ్రంథాలు 1957లో, జ్ఞానశ్రీమిత్రుని గ్రంథాలు 1959లో పాట్నాలో అచ్చయ్యాయి. గంగకు అటూ ఇటూ ఉన్న రెండు పక్షాల గ్రంథాలనూ అప్పటినుండి ఒకే బల్లమీద పక్కపక్కన ఉంచి చదువుతున్నారు.